దోనె ఎవరింటికి?

పరమేశ్వర్ గారు ఒప్పుకున్నారని ఫోన్ వచ్చినప్పుడు నేను అరుగు మీద ఒక చేత్తో తడి చీర ఆరేస్తూ, ఇంకో చేత్తో మిరపకాయ బజ్జీ తింటున్నాను. మా ఆయన దివాకర్ ఒక్క మాటే అన్నాడు: "ఒప్పుకున్నడు." వెనక నుంచి పదిమంది అరుపులు వినిపించాయి. నేను బజ్జీ నోట్లో ఉండగానే ఎగిరాను. నాలుక కాలింది, చీర మట్టిలో పడింది. పెళ్లై అప్పటికి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో కోట బండ మీద పొద్దు పడ్డా, అత్తమ్మ నా కోసం చాయ్‌లో ఒక చెంచా చక్కెర ఎక్కువ వేసినా ఎగరడమే నా పని. ఇది అంతకంటే పెద్ద సంగతి. మా కోటకింది క్లబ్బుకు పైసలు పెట్టే మనిషి దొరికాడు. ఆయనకు చిట్టి రాసింది నేను.

చీర ఆరేసింది తాడు మీద కాదు. గోలు మీద అడ్డంగా పెట్టే కర్ర మీద.

ఆ కర్ర సంగతి ముందే చెప్పాలి. భువనగిరి కోట కింద మా నేతగాళ్ల వాడలో ఇరవై ఆరేళ్ల కింద మా మామ రామచంద్రయ్య, ఆయన దోస్తులు కలిసి ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. గోలు కొనే స్తోమత లేదు. అప్పటికే మూలకు పడ్డ మగ్గాలు రెండున్నాయి. మగ్గానికి ముందువైపు, నేసిన బట్ట చుట్టుకునే లావాటి కర్రను దోనె అంటారు. ఆ రెండు దోనెలను కొసకు కొస చేర్చి, ఇనుప పట్టీ వేసి, రెండు గుంజల మీద ఎక్కించారు. అవతలి గోలుకు రెండు గుంజలే, పైన కర్ర లేదు. ముప్పై ఏళ్లు బట్ట చుట్టీ చుట్టీ ఎంత నున్నబడ్డాయంటే నా చీరల్లో ఒక్క పోగు కూడా లేవదు.

ఆడే జాగా మార్కెట్ వెనక ఖాళీ నేల. అక్కడ వదిలితే దోనె పొయ్యిలోకి పోతుంది. అందుకని ఆట కాగానే దాన్ని ఎవరో ఒకరు ఇంటికి మోసుకుపోవాలి. ఎవరు? ఆ రోజు అందరికంటే పెద్ద తప్పు చేసినవాడు. గెలిచినా సరే, ఓడినా సరే. ఆట అయ్యాక అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు ఇంకొకరి పేరు చెప్పకూడదు. తప్పు చేసినవాడే "నాది" అనాలి. అన్నాక భుజానికెత్తుకుని వీధి పొడుగునా నడిచి, తన ఇంటి అరుగు మీద పెట్టుకోవాలి. మళ్లీ ఆదివారం దాకా అది అక్కడే. పాలు పోసే నర్సింగమ్మ ఏ వీధిలో ఆగినా ముందు అరుగు వైపు చూసి, తర్వాతే చెంబు వైపు చూస్తుంది.

నేను చిట్యాల నుంచి కొత్త కోడలిగా ఈ గడప తొక్కిన రోజు కూడా దోనె ఇక్కడే ఉంది. పెళ్లికి ముందు ఆదివారం దివాకర్ కాళ్ల సందున బంతి వదిలాడట. ఇంట్లో ఉన్నదానికి పసుపు రాయకపోతే ఎట్లా అని అత్తమ్మ దానికి కూడా పసుపు రాసి మామిడాకులు కట్టింది. నర్సింగమ్మ అందరూ వింటుండగా, ఏం యాదలక్ష్మీ, ఒకేసారి ఇద్దరు కోడండ్లా అంది. అత్తమ్మ తడుముకోలేదు. "ఈమె నోరు లేని కోడలు. వచ్చినామె సంగతి ఇంక తెల్వది" అంది. నేను తల వంచుకుని నవ్వాపుకోలేక చచ్చాను. ఈ ఇంట్లో నాకు బాగుంటుందని ఆ క్షణమే తెలిసింది.

దివాకర్ గోల్‌కీపర్, క్లబ్బు సెక్రటరీ కూడా. కరెంటు మోటార్లు రిపేరు చేసే షాపు నడుపుతాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం కూలర్ ముందు కూర్చుని అడిగాడు, బీకాం చదివినవు గదా, ఒక చిట్టి రాసిపెట్టమని. రాయగిరి రోడ్డు మీద ప్లాట్లు అమ్మే పరమేశ్వర్ గారికి. నల్లగొండ కాలేజీలో వ్యాసాల పోటీల్లో రెండుసార్లు ప్రైజు తెచ్చుకున్నదాన్ని, ఊరుకుంటానా? టేపు పట్టుకెళ్లి గోలు కొలిచాను. పన్నెండడుగులు. ఫోన్లో చూస్తే అసలు గోలు ఇరవై నాలుగు. దివాకర్‌కు చూపించాను.

"ఇరవై ఆరేండ్లు సగం గోలుకు కావలి గాసినమా?" అన్నాడు.

కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. మా వాళ్లు వాడలో పులులు, బయటికి పోతే పిల్లులు ఎందుకయ్యారో అప్పుడు తెలిసింది. బయటి గ్రౌండ్లలో గోలు పెద్దగా ఉంటుందని అందరికీ తెలుసు. వాళ్లదే తప్పు కొలత అనుకున్నారు ఇన్నాళ్లూ.

చిట్టిలో అన్నీ రాశాను. చివర్లో ఒక వాక్యం పెట్టాను: గెలుపు కోసం ఏ మార్పుకైనా మేము సిద్ధం. దివాకర్ దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. నాకు గర్వంగా ఉంది. ఇప్పుడు ఆ వాక్యం రాసిన చేతిని చూస్తే నాకే కొట్టాలనిపిస్తుంది.

పరమేశ్వర్ గారి షరతు ఒక్కటే. జిల్లా టోర్నమెంటు అయిన మర్నాడు క్లబ్బు రిజిస్ట్రేషన్ కాగితాలు ఆయన పేరు మీదికి మారాలి. సెక్రటరీ సంతకం చాలు. టోర్నమెంటు గెలిస్తే హైదరాబాద్ లీగుకు పోతాం. కాగితం కాగితమే కదా, ఆడేది మనమే కదా అనుకున్నాను. బీకాం చదివినదాన్నే అనుకున్నాను.

మృగశిర వాన పడిన వారంలోనే మొదలైంది. మార్కెట్ వెనక జాగాకు ఆయనే కిరాయి కట్టి, సిమెంటు పోయించి ఇరవై నాలుగడుగుల గోల్‌పోస్టులు పాతించాడు, తెల్లటి వల వేయించాడు. ఆ వల చూసి నేను చిన్నపిల్లలా దాన్లో దూరి ఫోటో దిగాను. దాచను. తర్వాత పేరు మారింది. కోటకింది క్లబ్బు కాస్తా గుట్ట టైగర్స్ అయింది. "గుట్ట మీద కోతులున్నయ్ గని పులులేడియి?" అంది అత్తమ్మ. తర్వాత హైదరాబాద్ నుంచి ఆరుగురు వచ్చారు. ఆట ఉన్న రోజు పొద్దున తెల్ల వ్యాన్‌లో వస్తారు, అయిపోగానే వెళ్తారు. వాళ్లలో ఒకడు రిత్విక్, గోల్‌కీపర్. ఆరడుగుల పైన ఉంటాడు. వాడు రావడంతో దివాకర్ గ్రౌండ్ బయటి బల్ల మీదికి చేరాడు. మా ఫార్వర్డ్ హనుమంతు కూడా అదే బల్ల మీద.

ఆ రాత్రి మా మొదటి పోట్లాట.

"నిన్ను కూసోబెట్టిన్రు. నీకు కోపం రాదా?" అన్నాను.

"గాడు నాకంటె మంచిగ పడతడు నవనీతా. చూసిన. గంత గోలుకు నేను సరిపోను."

"సగం గోలు కాసినోనికి పూరా గోలు నేర్పియ్యాలె. తీసేసుడేంది?"

"నీకు కోపమొస్తె ముక్కు పండుమిరపకాయ లెక్కయితది, తెల్సా?"

దిండు విసిరాను. పట్టుకున్నాడు. ఆ చిన్న దిండును పట్టుకున్నంత తేలికగా ఆ పెద్ద గోలును కాయలేనని తను నవ్వుతూ ఒప్పుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. తనకు రావలసిన కోపం కూడా నాకే వచ్చింది.

కానీ గెలిచాం. ఒకటి కాదు, నాలుగు. ఆలేరు మీద, చౌటుప్పల్ మీద, ఎన్నడూ గెలవనివాళ్ల మీద గెలిచాం. మూడో ఆటలో రిత్విక్ గాల్లో అడ్డంగా లేచి బంతిని వేలి కొసలతో తోసేస్తే నేను ఈల వేశాను. కొత్త కోడలు ఈల వేసిందని వాడంతా వారం రోజులు చెప్పుకుంది. గెలుపు తియ్యగా ఉంటుంది. లేదంటే అబద్ధమవుతుంది.

ఒక్కటే నాకు పంటి కింద రాయిలా తగులుతూ వచ్చింది. ఆట కాగానే వ్యాన్ తలుపు మూసుకునేది. గుండ్రంగా కూర్చునేవాళ్లు లేరు. "నాది" అనేవాళ్లు లేరు. జూన్‌లో ఆఖరిసారి దివాకర్ మోసుకొచ్చిన దోనె మా అరుగు మీదే ఉండిపోయింది. ఐదు వారాలు. నా చీరలన్నీ దాని మీదే ఆరాయి. నర్సింగమ్మ మా అరుగు వైపు చూడడం మానేసింది. చూసి అడగడానికి ఏముంది?

ఈ ఆదివారం ఫైనల్. మా గ్రౌండ్‌లోనే. మూడు ఒకటి తేడాతో ఓడిపోయాం.

ఓడినందుకు కాదు నా కోపం. మొదటి గోలు ఎవరూ ఏమీ చేయలేనిది. రెండోదానికి రిత్విక్ అనవసరంగా ముందుకొచ్చాడు. మూడోదానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు నువ్వంటే నువ్వని నిలబడిపోయారు. ఈల మోగింది. వ్యాన్ తలుపు తెరుచుకుంది. ఆరుగురూ బూట్లు కూడా విప్పకుండా ఎక్కారు. గ్రౌండ్ చుట్టూ మా వాడ మొత్తం వానలో తడుస్తూ నిలబడి ఉంది. అప్పుడు నర్సింగమ్మ గొడుగు కిందనుంచి అందరికీ వినపడేటట్టు అడిగింది.

"దోనె ఎవలింటికి?"

ఎవరూ మాట్లాడలేదు. ఇరవై ఆరేళ్లలో ఆ ప్రశ్నకు జవాబు రాని రోజు లేదట. పరమేశ్వర్ గారు కారు దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"ఓడింది టీము, క్లబ్బు గాదు. టీమును మారుస్తం. వచ్చే ఏడు తొమ్మిదిమందిని తెస్త. గా కట్టె సంగతి ఇంక బంద్ జేయండ్రి. ఓటమిని భుజాన వెట్టుకొని ఊరేగుతరా ఎవలన్న?"

దివాకర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

"మరి ఎవలు మోస్తరు సార్?"

"ఎవలూ మోసుడు లేదమ్మా. పైసలు వెట్టిన నేనే ఫికర్ చేస్తలేను. మీకెందుకు ఫికర్?"

మా మామ ఆ మాట విన్నాడు. ఆయన మొహం నేను చూశాను. ఇరవై ఆరేళ్లలో పదకొండుసార్లు దోనె మోసిన మనిషి ఆయన. నా చెవులు కాలిపోయాయి. మాకు ఫికర్ ఉంటుంది సార్, ఉన్నది అదొక్కటే అందామని నోరు తెరిచాను. ఈలోపు పరమేశ్వర్ గారు ఫోన్ నా వైపు తిప్పాడు. నా చిట్టి ఫోటో. నా గుండ్రటి అక్షరాలు.

"నువ్వు రాసిందే గదమ్మా. ఏ మార్పుకైన సిద్ధమంటివి."

గ్రౌండ్ అంతా నా వైపే చూసింది. ఆయన దివాకర్‌తో, రేపు పదకొండింటికి రాయగిరి ఆఫీసుకు వచ్చి సంతకాలు పెట్టమని చెప్పి కారెక్కాడు. తెల్ల వ్యాన్, నల్ల కారు ఒకదాని వెనక ఒకటి బురద చిమ్ముకుంటూ వెళ్లిపోయాయి.

ఇంటికొచ్చి తడి బట్టలతోనే అరుగు మీద కూలబడ్డాను. దోనె మీద పొద్దున ఆరేసిన నా నీలం చీర అట్లాగే ఉంది. చెయ్యి దాని మీద పెట్టి అన్నాను.

"నాది."

అత్తమ్మ తువ్వాలు తెచ్చి నా తల తుడుస్తూ ఆగింది. "నువ్వేం ఆడినవే పిల్లా?"

"చిట్టి రాసిన అత్తమ్మా."

"రాస్తె మల్లొకటి రాయి. కాగితాలకు కరువొచ్చిందా?" అంది, నా తల ఇంకా గట్టిగా రుద్దుతూ.

దివాకర్, హనుమంతు, ఇంకో నలుగురు ఆటగాళ్లు అరుగు కిందే నిలబడ్డారు. ఎవరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు. సంతకం పెట్టకపోతే గోల్‌పోస్టులు పీకించుకుపోతాడు, జాగా కిరాయి ఆపేస్తాడు, మళ్లీ ఆలేరు చేతిలో ఐదు గోల్స్ తింటాం అన్నాడు హనుమంతు. పెడితే మనం ఎవరం అన్నాడు ఇంకొకడు. రెండూ నిజమే. దివాకర్ అరుగు మెట్టు మీద కూర్చుని చేతి తొడుగులను విప్పుతూ, మళ్లీ తొడుగుతూ ఉన్నాడు. ఐదు వారాలుగా బల్ల మీద కూర్చున్నా ప్రతి ఆటకూ తొడుక్కునే వచ్చాడు తను. అది ఇప్పుడే గమనించాను. నా మీద నాకున్న కోపం రెట్టింపైంది.

అప్పుడు తన ఫోన్ మోగింది. రిత్విక్. దివాకర్ స్పీకర్ పెట్టాడు.

"అన్నా, ఘట్‌కేసర్ దాటినం. వ్యాన్ల ఎవ్వరు మాట్లాడ్తలేరు. గా అవ్వ ఏదో అడిగింది గదా, దోనె అని. హనుమంతన్నకు మెసేజ్ వెడితె చెప్పిండు." పక్కవాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించాడు. "అన్నా, రెండోది నాది. ముందుకు రావద్దుండె."

దివాకర్ తొడుగులు పక్కన పెట్టాడు.

"తెల్సు. నేను గూడ చూసిన" అన్నాడు.

"మరి దోనె నా తాన్కి ఎట్ల తెస్తరన్నా? హాస్టల్ల ఉంట. మూడో అంతస్తు. లిఫ్ట్ గూడ లేదు."

అత్తమ్మే ముందు నవ్వింది. తర్వాత అందరూ. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాం. అటువైపు ఆ అబ్బాయికి మేమెందుకు నవ్వుతున్నామో తెలియక, నిజంగనే అడుగుతున్న అన్నా అన్నాడు.

నవ్వుతూనే నాకు కోపం మళ్లీ వచ్చింది. ఈసారి అది ఎక్కడికి పోవాలో దానికి తెలుసు. ఐదు వారాలు హైదరాబాద్ వాళ్లను తిట్టుకున్నాను. ఇరవై నాలుగడుగుల గోలును తిట్టుకున్నాను, పైసలను తిట్టుకున్నాను. ఇరవై ఆరేళ్లు మన గోలే తప్పు. ఈ అబ్బాయి మనకంటే మంచిగా ఆడతాడు, పైగా ఎవరూ అడగకుండానే నాది అన్నాడు. వీడిని కొనుక్కొచ్చినందుకు క్లబ్బు ఎక్కడికీ పోలేదు. ఫికర్ లేదన్న మనిషి చేతిలో పెడితే పోతుంది.

లోపలికి పోయి కాగితం, పెన్ను తెచ్చాను. అరుగు మీద, తడి చీర పక్కకు జరిపి, దోనె మీదే కాగితం పెట్టి రాశాను. మొన్నటి చిట్టిలా అందంగా రాయలేదు. పరమేశ్వర్ గారికి. గెలుపు కోసం ఏ మార్పుకైనా సిద్ధమని నేను రాశాను. అందులో ఒకటి తప్ప అని కలుపుకోవాలి. ఈ క్లబ్బు ఎవరిదైతే ఓడిన రోజు దోనె వారిది. గోల్‌పోస్టులు మీవి, వ్యాన్ మీది, తెచ్చిన ఆటగాళ్లు మీవాళ్లు. ఓడిన ఆట కూడా మీదే. వచ్చే ఆదివారం దాకా దోనెను మీ ఆఫీసు ముందర ఉంచుకోండి. ఆదివారం మీరే భుజం మీద పెట్టుకుని గ్రౌండుకు తెస్తే, మా సెక్రటరీ అక్కడే సంతకం పెడతారు. తేకపోతే సంతకం లేదు, పేరు వాపస్. సగం గోలు మాకు అలవాటే.

బయటికి చదివాను. దివాకర్ వైపు చూడడానికి భయమేసింది. హైదరాబాద్ లీగుకు పోవాలని పదేళ్లుగా కలగన్న మనిషి తను. ఈ ఏడు ఎట్లాగూ పోయింది, ఈ చిట్టితో వచ్చే ఏటి ఆశ కూడా పోవచ్చు.

కాగితం నా చేతిలోంచి తీసుకుని, పెదవులు కదుపుతూ మళ్లీ చదువుకున్నాడు. తర్వాత కింద, సెక్రటరీ అని రాసి, సంతకం పెట్టాడు. ఎంత గట్టిగా నొక్కాడంటే కాగితానికి పెన్ను దిగింది. తనకు కోపం వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. పెళ్లయ్యాక మొదటిసారి చూశాను. ముక్కు ఎర్రబడదు, చెవులు ఎర్రబడతాయి. అది చూసి ఆ కోపంలో కూడా నాకు ముద్దొచ్చింది.

"రాయగిరి దాక ఆటోల వేసుకపోదామా?" అన్నాడు హనుమంతు.

మా మామ అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "దోనెను ఎన్నడన్న ఆటోల వేసినమారా?" అన్నాడు. అంతే అన్నాడు. వచ్చి ఇనుప పట్టీ వదులైందేమోనని వంగి తడిమి చూడసాగాడు.

దివాకర్ ఫోన్‌లో రిత్విక్‌ను, పొద్దున్నే మొదటి బండికి రాగలవా అని అడిగాడు. వస్తానన్నాడు. ఇక అందరి వైపూ తిరిగి చెప్పాడు.

"రేపు ఆరింటికి అందరు ఈడికే రావాలె. రిత్విక్ రైలు దిగి టేషన్ కాడ కలుస్తడు. ముందు కొస వాడు పడతడు, ఎనుక కొస నేను. ఏడు కిలోమీటర్లు నడుసుడే. పదకొండు గాకముందే ఆఫీసు ముందర వెడ్తం, చిట్టి చేతికిస్తం, వస్తం."

"నడిమిట్ల నేను పడ్త" అన్నాను.

వద్దంటాడేమోనని చూశాను. అనలేదు. అత్తమ్మ, పులిహోర కట్టిస్త, నర్సింగమ్మకు కూడా చెప్పాలె, లేకుంటె పాలు పొయ్యదు అంటూ చింతపండు నానబెట్టడానికి లోపలికి పోయింది. నేను లేచి దోనె మీది నీలం చీర తీశాను. ఇంకా తడిగానే ఉంది. ఆరకపోయినా సరే, రేపు అదే కట్టుకుని వెళ్తాను.